మూల మీద మంట

మంట మీద బకెట్టెడు నీళ్ళు బుస్సున పడ్డాయి.

అపార్టుమెంటు సెక్రటరీగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? ఏం పోయేకాలం?"

ముసలావిడ తడి బూడిదలో ఇంకా నిప్పుందేమోనని చెప్పు కాలితో కెలికి చూసి, ఖాళీ బకెట్టుతో వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

వసంతం వచ్చిందంటే చాలు, ఆ వీధికి ఆకుల గోల. చెట్లకేం, హాయిగా కొత్త చిగుళ్ళు తొడుక్కుని పాతవన్నీ రోడ్డు మీద దులిపేస్తాయి. వాటిని ఊడ్చి, అపార్టుమెంటు గోడ మూల కుప్ప పోసి, పాల కవర్లూ తెగిన చెప్పులూ అందులోనే పడేసి, పొద్దుగూకే వేళకి అంటించడం అక్కడి ఆనవాయితీ. దోమలకు దోమలూ పోతాయి, చెత్తకు చెత్తా పోతుంది. అద్దెకుండేవాళ్ళు మారుతూ వచ్చారు గానీ ఆ అలవాటు మాత్రం మారలేదు. ఈ ఏడు సెక్రటరీ పని నెత్తిన పడ్డాక అగ్గిపెట్టె ఈయన చేతికొచ్చింది.

ఆయన బాధ ఆయనది. లేకలేక పుట్టిన కూతురు. సరిగ్గా ఆ మూల మీదికే వాళ్ళ కిటికీ. పిల్లను దోమ కుడితే తండ్రికి తేలు కుట్టినంత పని. పైగా ఈమధ్య పిల్లకు దగ్గొకటి పట్టుకుంది. అంతా ఈ పాడు దోమల వల్లేనని, ఇంకో రెండు గంపల ఆకులు ఎక్కువ వేయించాడు.

మర్నాడూ ముసలావిడ వచ్చింది. గేటు పక్క కుళాయి దగ్గర బకెట్టు నింపుకుంది. కుమ్మరించింది.

"నీకేం అడ్డమొచ్చిందమ్మా మా మంట?"

"పసిపిల్లలున్న ఇల్లు బాబూ. పొగ పెట్టకు."

"ఆ పసిపిల్ల కోసమేగా పెడుతున్నది!"

ఆవిడ మొహం పాలిపోయింది.

"వద్దు బాబూ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముందు ఆ బకెట్టు వదులు. కాళ్ళ సంగతి తర్వాత."

చూస్తున్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ రోజు నుంచి ఆవిడ పేరు బకెట్టు పిన్ని అయిపోయింది.

భార్య ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది.

"పోనీలెండి, పెద్దావిడ. ఆవిడ ఆర్పేసి పోయాక పిల్ల కాస్త తెరిపిగా పడుకుంటోంది కూడా."

"నువ్వూ ఆ పిచ్చిదాని పార్టీయేనా?"



ఆయన వాచ్‌మన్‌ని పిలిచాడు. "కుళాయికి తాళం వెయ్యి. నీళ్ళు లేకుండా ఎలా ఆర్పుతుందో చూద్దాం."

ఆ సాయంత్రం ఆవిడ కుళాయి దగ్గరికెళ్ళి తాళం చూసింది. పైకి, బాల్కనీలో నిలబడ్డ ఆయన వంక చూసింది. తర్వాత చెప్పులతో మంటను తొక్కడం మొదలుపెట్టింది. ఖాళీ బకెట్టుతో బాదింది. కవర్లు కరిగి నల్లటి పొగ గుప్పున మొహానికి కొట్టింది. దగ్గి దగ్గి అక్కడే కూలబడిపోయింది.

వాచ్‌మన్ పరుగెత్తి అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

"రమ్మని ఎవరేడ్చారు? పీడ విరగడైంది" అని సెక్రటరీగారు తలుపేసుకున్నాడు. పాపం, పుణ్యం అంటూ ఒక్కరూ కిందికి దిగలేదు.

ఆ తర్వాత మంటకు అడ్డూ ఆపూ లేకపోయింది. రాజుకుంటూ, రగులుతూ, ఎప్పటికో గానీ ఆరేది కాదు. పొగ మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు వాళ్ళ గదిలో చేరి, కదిలేది కాదు.

ఒక సాయంత్రం పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, గాలి రావట్లేదు."

పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆస్పత్రిలో డాక్టరు పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "ఉబ్బసం. ఇంటి దగ్గర పొగ ఏమైనా ఉంటుందా?"

"దోమలకని... ఆకులు..."

"రోజూనా?"

"రోజూ. చాలా రోజుల్నుంచి."

"రోజూ అంత పొగ పీలుస్తుంటే ఇది ఎప్పుడో ముంచుకు రావాలే. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చిందండీ ఈ పిల్ల?"

భార్య ఆయన మొహంలోకి చూసింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకు.

అద్దం వెనక కూతురి గొంతులోకి గొట్టం దింపుతున్నారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

ఆయన తూలుకుంటూ నర్సు దగ్గరికి వెళ్ళాడు.

"సిస్టర్, మొన్న మా అపార్టుమెంటు ముందు పొగకు పడిపోయిందని ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఎక్కడుందో చెప్పండి. నేను ఆవిడ కాళ్ళ మీద పడాలి."

నర్సు తలెత్తింది.

"మధ్యాహ్నమే పోయారండీ. మీరు ఆవిడకేమవుతారు?"

ఏమీ కానని చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది.

"పోన్లెండి, మీరొక్కరైనా వచ్చారు. ఆవిడ మాకు కొత్తవారు కాదు. ఆవిడ పసిబాబు కూడా ఈ వార్డులోనే పోయాడు. ఇదే జబ్బు. ఏళ్ళయిపోయింది."

"అప్పుడెక్కడ ఉండేవారు?"

"మీ అపార్టుమెంట్లోనే. అప్పటి సెక్రటరీ ఆవిడేనట. బాబును దోమలు కుడుతున్నాయని ఆ గోడ మూల మొట్టమొదట ఆకులకు నిప్పు పెట్టింది తనేనని, పోయేదాకా అదే చెప్పుకుని ఏడ్చారండీ."