క్యారవాన్ వెనక పేర్లు

"రాసన్నా, నీ వెనకాలే ఉన్నాను. మూడు ట్రైలర్ల బండి నాది. ఎదురు ఏమన్నా వస్తోందా?" రేడియోలో లారీ డ్రైవర్ అడిగాడు.

కారుకు తగిలించిన క్యారవాన్ ఇంటి వెనక 'రాస్, మెర్ల్, ఛానల్ 18' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. అది చూసి దారిలో ప్రతి లారీవాడూ ఆ రేడియో ఛానల్లో పేరు పెట్టి పిలుస్తాడు.

స్టీరింగు దగ్గరున్న మెర్ల్ రోడ్డు వైపే చూస్తోంది. పక్కనున్న చెల్లెలు గ్లెనిస్ మైకు కోసం చెయ్యి చాపింది.

"నేను చెప్పనా అక్కా?"

"ఉండు."

"నిన్న క్యాంపులో పక్కవాళ్లు అడిగితే బావ నిద్రపోతున్నాడన్నావు. మొన్న స్నానానికెళ్లాడన్నావు. ఇతనికేం చెబుతావు?"

రేడియో మళ్లీ పలికింది. "మెర్లక్కా, అన్న కునుకు తీస్తున్నట్టున్నాడు. స్టీరింగు మీదైతే కాదు కదా?"

మెర్ల్ మైకు అందుకుంది. "రాస్ జూన్‌లో చనిపోయాడు. బండి నేనే నడుపుతున్నాను. ముందంతా ఖాళీగా ఉంది, రా."

రేడియో గరగరమంది.

"తెలీదక్కా, ఏమనుకోకు. కొంచెం స్లో చెయ్యి, దాటేస్తాను."

ఆమె వేగం తగ్గించింది. లారీ ట్రైలర్లు ఒక్కొక్కటిగా పక్క నుంచి దాటిపోయాయి. అద్దాన్ని కప్పిన ఎర్రదుమ్ము మెల్లగా విడిపోయింది.

ఆ మాట పైకి అంటే తనకేదో అయిపోతుందని ఇన్నాళ్లూ భయపడింది. ఏమీ కాలేదు. ఏడుపు కూడా రాలేదు. రోడ్డు తిన్నగా అలాగే ఉంది.

గ్లెనిస్ ముక్కు చీదుకుంటోంది.

"ఎందుకే ఏడుస్తావు?"

"నువ్వు ఏడవట్లేదని."

మెర్ల్ మైకు తిరిగి తగిలించింది. "పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నామా మనం?"

"నేను తిన్నాను. నువ్వే ముట్టుకోలేదు."

"అయితే ఆ శాండ్‌విచ్ ఇలా ఇవ్వు."