తీగ తీసే సైకిలాయన

ఆ పొద్దున కూడా కొక్కెం కింద పడి ఉంది.

అడవి పందుల కోసం మక్కచేను చుట్టూ సన్నటి తీగ కట్టాడు మోతీలాల్. రోజూ చీకటి పడగానే కొక్కెంతో దాన్ని కరెంటు లైనుకు తగిలించి ఇంటికి పోతాడు. తెల్లారి వచ్చేలోపే ఎవరో ఆ కొక్కెం దించేస్తున్నారు. పందులు చేలో దిగేది కూడా సరిగ్గా ఆ వేళకే మరి.

సగం కంకులు నేలపాలయ్యాయి.

"ఈ పంట గూడ పోతే ఇగ కూలికి పోవుడే మనం," అన్నాడు భార్య సోమ్లితో. "వాడెవడో దొరకాలె, చెప్త."

మర్నాడు చీకటి ఉండగానే పోయి గట్టు మీద కూర్చున్నాడు.

ముందు పాట వినిపించింది. ఆ వెనకే సైకిలు గొలుసు చప్పుడు.

హ్యాండిలుకు చిన్న చెక్క సిలువ. పక్కన కట్టిన పొడుగాటి వెదురు కర్ర. తొక్కే మనిషికి అరవై దాటి ఉంటాయి.

"ఓ పాస్టరయ్యా! ఆగు! నా కొక్కెంతోని నీకేం పని?"

"పాస్టర్ను గాదు తమ్మీ. పగిడయ్య నా పేరు. జూలూరుపాడు అవతల మా ఊరు." దిగి స్టాండు వేశాడు. "ఇప్పపువ్వు ఏరెటందుకు ఆడోళ్లు చీకటితోనే ఈ బాట పడతరు గద. తీగ కనబడదు."

"మా ఆడోళ్లకు ఎరుకే, తీగ ఏడున్నదో."

"పందికి ఎరుక లేదు గద. అది యాడికి గుంజుతదో ఎవరికెరుక?"

మోతీలాల్‌కు ఒళ్లు మండింది. "గింత దూరం తొక్కుకుంట వచ్చేది నన్ను ముంచెటందుకా? ఒక బండి గిట్ల కొనుక్కోరాదూ, జల్దీ వచ్చి ముంచిపోవచ్చు!"

పగిడయ్య నవ్వాడు. ఆవు వీపు నిమిరినట్టు సైకిలు సీటు నిమిరాడు.

"చిన్నప్పటి సంది సైకిలంటే పిచ్చి తమ్మీ. ఇల్లందుల పందాలు గెలిచిన. గెలిచినంక ఏం జేయాల్నో తెల్వకపోయేది. ఊరికెనే తొక్కేటోన్ని. ప్రభువును నమ్ముకున్నంక తెలిసింది, ఎటు తొక్కాల్నో. బండి మీద పోతే దారి మీద ఏమున్నదో కనబడదు. సైకిలైతే గడ్డిపోచ గూడ కనబడతది. తొక్కుతాంటె ప్రార్థన జేసినట్టే ఉంటది."

"అయితే మీ దేవునికి చెప్పు, ఆ పందులకు గూడ జర ప్రార్థన నేర్పమను!"

"చెప్త," అన్నాడు పగిడయ్య. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "తమ్మీ, రాత్రిపూట నేనొచ్చి మంచె మీద కాపలుంట. డప్పు కొడత, పందుల్ని తరుముత. తీగ మాత్రం వద్దు. నీ కాళ్లు మొక్కుత."

"కడుపు కట్టుకొని పెంచిన చేను పందుల పాలైతే ఎట్లుంటదో నీకేం తెలుసయ్యా?"

పగిడయ్య తీగ వైపు ఒకసారి చూశాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మోతీలాల్ లైనుకు కొక్కెం వేయలేదు. బోరు మోటారు పెట్టెలోంచి తీగకు కరెంటు ఇచ్చి, పెట్టెకు తాళం బిగించాడు.

"ఇప్పుడెట్ల తీస్తడో జూస్త."

"ఆ పెద్దాయన చెప్పింది గూడ జర ఇనరాదయ్యా," అంది సోమ్లి.

"ఏంది, నువ్వు గూడ చర్చికి పోతవా?"

సోమ్లి పొద్దున ఇప్పపువ్వుకు పోయేందుకు గంప సర్దుకుంది.

రాత్రంతా వాన కొట్టింది. తెల్లవారుజామున సన్నగా పడుతుండగానే సోమ్లి గంప నెత్తిన బోర్లించుకుని ఇప్పచెట్ల వైపు బయల్దేరింది. భర్త చెప్పిన బాటే, తీగ లేని బాటే పట్టింది.

"ఆగమ్మా! ఆడనే ఆగు!"

ఎదురుగా పగిడయ్య. సైకిలు పడేసి, కర్ర పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు.

అప్పుడు చూసింది సోమ్లి. పంది గుంజను పీకేసినట్టుంది, తీగ జారి బాటకు అడ్డంగా పడి ఉంది.

ఆగబోయింది. తడిసిన గట్టు మీద కాలు జారింది.

జారుతున్న ఆమె పాదం తీగను తాకేలోపే పగిడయ్య కర్రతో దాన్ని అవతలికి తోసేశాడు.

వానలో అంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు. కర్ర నిండా నీళ్లు.

సోమ్లి కేక విని మోతీలాల్ పరుగున వచ్చాడు. పెట్టె తాళం తీసి కరెంటు ఆపాడు.

అప్పటికే పగిడయ్య ప్రాణం పోయింది.

పోలీసులు మోతీలాల్‌ను దవాఖానాకు తీసుకుపోయి, శవాన్ని ఉంచిన గది గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి పగిడయ్య భార్య సరళ వచ్చింది. శాపనార్థాలు పెడుతుందని, వెంట వచ్చిన తండావాళ్లంతా తలలు దించుకున్నారు.

మోతీలాల్ ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తిట్టమ్మా. కొట్టు. నా పెండ్లాన్ని బతికిచ్చి ఆయన పోయిండు."

సరళ తిట్టలేదు. లేపనూ లేదు.

"మాకొక్కడే కొడుకు," అంది. "వాడు గూడ గిట్లనే పోయిండు. చేనుకు కట్టిన తీగ తగిలి."

మోతీలాల్ తలెత్తాడు.

"ఎవలు కట్టిండ్రమ్మా ఆ తీగ?"

తెల్లగుడ్డ కప్పిన భర్త వైపు చూస్తూ, "ఈయనే బిడ్డా," అంది సరళ.