నీళ్ల వంతు

"ఏమ్మా, మీ ఆయనేడీ?" కాలువ తూము ఎత్తుతూ అడిగాడు నీళ్లు వదిలే పెద్దాయన.

"ఒంట్లో బాగాలేదు బాబాయ్, పడుకున్నాడు," అంది ఆమె, పార భుజాన వేసుకుంటూ.

వరి పొట్టమీద ఉంది, నేడో రేపో కంకి తీస్తుంది. నేల నెర్రెలిచ్చింది. ఇవాళ తడపకపోతే మళ్లీ వాళ్ల వంతు పదిహేను రోజులకే. ఒక్కతే మడిమడికీ గండి కొట్టింది, నిండాక పూడ్చింది. మంచినీళ్లైనా ముట్టలేదు.

పొద్దుగూకే వేళకి ఆఖరి మడి నిండింది. వచ్చి తూము పక్కన కూలబడింది.

"తెల్లవారుజామునే పోయాడు బాబాయ్. నలుగురికీ తెలిస్తే నన్ను గడప దాటనిచ్చేవాళ్లా?"

పెద్దాయన తూము దించి, ఆమె చేతిలో పార అందుకున్నాడు.

"ఎవరడిగినా ఇప్పుడే పోయాడని చెప్పు. వంతు రోజు ఈ ఊళ్లో పొద్దున్న ఎవరూ పోరమ్మా. మా అమ్మ కూడా సాయంత్రమే పోయింది."