ఆరో పేరు

"ఐదుగురే వచ్చారమ్మా. ఆరుగురు లేనిదే మహిళల విభాగం నడపడానికి వీల్లేదు. రద్దు చేస్తున్నాను," అన్నాడు చదరంగం పోటీలు నడిపే ఆర్బిటర్, చేతిలోని జాబితా మడుస్తూ.

బల్లకు ఇవతల నిలబడ్డ పెద్దావిడ కదల్లేదు. పక్కనే పద్నాలుగేళ్ల మనవరాలు బ్యాగు గుండెలకు హత్తుకుని నేల చూపులు చూస్తోంది.

"రెండు బస్సులు మారి వచ్చామండీ. ఇంకో అరగంట చూడండి."

"ఆ అరగంటా చూసేశానమ్మా. నాకు మాత్రం సరదానా? వరసగా ఇది మూడోసారి. ఇవాళ కూడా రద్దయితే ఈ ఊళ్లో ఇక మహిళల పోటీయే పెట్టరట. ఫెడరేషన్ నుంచి ఉత్తరం వచ్చింది."

ఆ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. పదేళ్ల వయసులో పదిమంది ఆడపిల్లలు సభ్యులుగా చేరితే, పదిహేనేళ్లు వచ్చేసరికి మిగిలేది ఒక్కరట. అది చదివిన దగ్గర్నుంచీ ఆయన మనసు మనసులో లేదు. పక్క హాల్లో మగపిల్లలు ఎనభై మంది, బల్లలు చాలక కిటికీ గట్ల మీద కూడా బోర్డులు పరుచుకున్నారు. ఇక్కడ మూడు బల్లలు నిండటం గగనమైపోయింది.

"ఆరో మనిషి ఎవరైనా పర్లేదా?" అంది పెద్దావిడ.

"ఆడమనిషి అయితే చాలు. ఒక్కరోజు సభ్యత్వం నేను ఫోన్లో ఇప్పిస్తాను. ఎవరున్నారు?"

"నేనున్నాగా."

మనవరాలు గతుక్కుమంది. ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతూ, "అమ్మమ్మా, నీకు గుర్రం నడకే సరిగ్గా రాదు," అని గొణిగింది.

"నాకు రాకపోతే నీకు మంచిదేగా, ఊరుకో," అంది పెద్దావిడ. ఆర్బిటర్‌కి నవ్వొచ్చింది. మడిచిన జాబితా విప్పి ఆరో పేరు రాసుకున్నాడు.

ఆరుగురూ ఒకరితో ఒకరు ఆడాలి. అంటే తలా ఐదు ఆటలు. చివర్లో ఒకరికొకరు పాయింట్లు వదిలేసుకోకుండా, ఒకే ఇంటివాళ్లను ముందే తలపడేలా కూర్చోబెడతారు. అలా మొదటి ఆటే అమ్మమ్మకీ మనవరాలికీ పడింది.

"డ్రా చేసుకుందామా?" అంది పిల్ల, చిన్న గొంతుతో.

"ఆడవే."

ఎనిమిది నిమిషాల్లో అమ్మమ్మ రాజు ఓ మూలకు చేరి చిక్కుబడిపోయాడు.

రెండో ఆటలో కాలేజీ అమ్మాయి, మూడో ఆటలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు, ఆవిణ్ణి ఇట్టే ఓడించేశారు. ఎత్తు వేశాక గడియారం నొక్కాలన్న మాటే ఆవిడకు గుర్తుండదు. టైము అలా కరిగిపోతూనే ఉంటుంది. ఆట అయిపోయాక మాత్రం లేవదు. "నా మంత్రిని ఎక్కడ పోగొట్టుకున్నానమ్మా, కాస్త చూపిస్తావా?" అని ఎదుటివాళ్లను అడుగుతుంది. ఓడి చటుక్కున లేచిపోతే బాగుండదని మొహమాటానికి అడుగుతోందనుకున్నాడు ఆర్బిటర్. ఆటకీ ఆటకీ మధ్య మోకాళ్లు రాసుకుంటూ గోడ పట్టుకుని నడుస్తుంటే చూడలేక, తన కుర్చీలోని దిండు తీసుకెళ్లి ఆవిడ కుర్చీలో వేశాడు.

"ఓపిక లేకపోతే చెప్పండమ్మా. మిగతా రెండూ వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు."

"ఓపికకేం, బాగానే ఉంది," అందావిడ. ఆ రెండూ ఆడింది. రెండూ ఓడింది. ఐదు ఆటలకు సున్నా.

మనవరాలు నాలుగు గెలిచి, ఒకటి డ్రా చేసి మొదటి స్థానంలో నిలిచింది. కప్పు చేతికిస్తూ ఆర్బిటర్ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. "వచ్చే నెల సెలక్షన్లున్నాయి తల్లీ. నువ్వు తప్పకుండా రావాలి."

పిల్ల కప్పు వైపు చూస్తూ, "నేను మానేస్తున్నా సార్. ఇదే ఆఖరు," అంది.

"అదేంటి? ఇంత బాగా ఆడుతూ?"

"స్కూల్లో వాలీబాల్ టీములోకి తీసుకున్నారు. అక్కడ పన్నెండుమందిమి ఉంటాం. ఇక్కడ ఏ ఊరెళ్లినా నా ఈడు వాళ్లు ఒక్కరూ కనపడరు సార్. ఆటకీ ఆటకీ మధ్య మాట్లాడుకోడానికి కూడా ఎవరూ ఉండరు."

ఆయన పెద్దావిడ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా."

"దానిష్టమండీ. ఇన్నాళ్లూ ఇష్టపడే ఆడింది, ఇప్పుడు ఇష్టపడే మానేస్తోంది. అదేం తప్పు కాదుగా," అందావిడ, పిల్ల జడ సర్దుతూ.

ఇద్దరూ బయటికి వెళ్లారు. ఆర్బిటర్ బోర్డులు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. పోటీ నిలబడింది, ఆడే పిల్ల చేజారింది. ఈ రెండో ముక్క ఫెడరేషన్‌కి ఎలా రాయాలో ఆయనకు తోచలేదు.

కాసేపటికి పెద్దావిడ ఒక్కతే వెనక్కి వచ్చింది.

"సభ్యత్వం కాగితం ఒకటి ఇస్తారా?"

ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టయింది. గబగబా కాగితమూ పెన్నూ తీసిచ్చాడు. "మనసు మార్చుకుందన్నమాట. నాకు తెలుసు, అంత తేలిగ్గా వదిలిపోయే ఆట కాదమ్మా ఇది."

ఆవిడ తల పైకెత్తకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నట్టు నింపింది. కాగితం ఆయన చేతిలో పెట్టి, "బస్సుకి టైమైంది, వస్తానండీ," అని వెళ్లిపోయింది.

ఆయన కాగితం తిప్పి చూశాడు. పేరు దగ్గర ఆవిడ తన పేరే రాసుకుంది, వయసు అరవై ఎనిమిది. ఏడాది, ఐదేళ్లు, జీవితాంతం అని ఉన్న మూడు గళ్లలో మూడోదాంట్లో టిక్కు పెట్టింది.