కుర్చీ డ్రాయింగు

“ఈ కుర్చీ ఎవరికండీ?”

షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగాడు కొత్తాయన. అరవై దాటిన మనిషి.

కండక్టరమ్మ చేతిలో ఉలి ఆగలేదు.

“మా మేనకోడలికి. ఏం?”

“ఊరికే అడిగా. అమ్మడానికి కాదు కదా?”

ఆ మాటతో షెడ్డులో చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. మూలన చెక్క చిత్రిక పడుతున్న పళ్ల డాక్టరు గబుక్కున లేచి కండక్టరమ్మ పక్కకు చేరాడు.

ఆదివారాలు ఆ షెడ్డులో చేరేవాళ్లెవరూ వడ్రంగులు కారు. సరదాకు చెక్కపని నేర్చుకున్నవాళ్లు. కోసే ముందు ప్రతి చెక్కనూ కంప్యూటర్లో గీసుకుంటారు. అలా గీసుకునే సాఫ్ట్‌వేరుకు సరదారాయుళ్లకైతే లైసెన్సు ఉచితం. షరతు ఒక్కటే, చేసింది అమ్ముకోకూడదు.

డాక్టరు పక్కింటావిడకు రెండు స్టూళ్లు అమ్మి ఉన్నాడు.

పైగా ఉచిత లైసెన్సులు ఉంచాలో తీసెయ్యాలో ఆలోచిస్తున్నామని కంపెనీ ఈమధ్యే కబురు పెట్టింది. దొంగచాటుగా అమ్ముకునేవాళ్లను పట్టడానికి మనుషుల్ని తిప్పుతోందని పుకారు కూడా పుట్టింది.

“కంపెనీవాడే. తనిఖీకి వచ్చాడు,” డాక్టరు కండక్టరమ్మ చెవిలో ఊదాడు.

“అది నాకు చెప్పాలా? టికెట్ కొననివాణ్ణి మొహం చూసి పట్టేస్తా నేను.”

కండక్టరమ్మ లేచి కుర్చీకి అడ్డంగా నిలబడింది.

ఆమె భయం ఆమెది. తమ్ముడి కూతురికి నడుం నిలవదు. మామూలు కుర్చీలో కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతుంది. ఈ కుర్చీ పక్కల నుంచి పట్టి ఉంచితేనే, బల్ల ముందు నిటారుగా కూర్చుని తన చేత్తో తాను తింటుంది. పిల్ల ఎదిగినప్పుడల్లా కొత్త కుర్చీ కావాలి. డ్రాయింగులో నడుం కొలత ఒక్కటి మారిస్తే మిగతా చెక్కల కొలతలన్నీ వాటంతటవే మారిపోతాయి. ఆ డ్రాయింగు కుదిరేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది. లైసెన్సు పోతే అదంతా వృథా.

“దీని డ్రాయింగు ఒకసారి చూపిస్తారా? కాపీ ఇస్తే ఇంకా మేలు,” అన్నాడాయన.

“కాపీ కూడానా!”

ఆమె ల్యాప్‌టాప్ ఠక్కున మూసేసింది.

“అమ్మా, ముందు నేనెవరో చెప్పనివ్వండి...”

“అక్కర్లేదు. మీరెవరో మాకు తెలుసు.”

“నాకు ఒక్కటి చాలమ్మా. రేపు పొద్దున్నకల్లా కావాలి.”

“ఒక్కర్ని పట్టిస్తే చాలన్నమాట! వేరే చోట చూసుకోండి.”

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. “పోనీ, కుర్చీకి ఒక ఫొటో...”

“ఫొటోల్లేవు గిటోల్లేవు,” అంటూ డాక్టరు కరెంటు రంపం ఆన్ చేశాడు.

ఆ హోరులో ఆయన ఇంకా ఏదో చెప్పాడు. ఎవరికీ వినిపించలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, కుర్చీ వైపు మరోసారి చూసి, వెళ్లిపోయాడు.

“భలే తరిమామండీ!” అన్నాడు డాక్టరు. కండక్టరమ్మకూ కడుపు నిండినంత సంతోషమైంది.

వారం తిరక్కుండా కంపెనీ ఉచిత లైసెన్సులన్నీ రద్దు చేసింది. పాత డ్రాయింగులు చూసుకోవచ్చు, మార్చడానికి వీల్లేదు. మార్చాలంటే ఫర్నిచరు ఫ్యాక్టరీలు కట్టేంత కట్టాలి.

“అత్తా, బిగుతుగా ఉంది,” అంది మేనకోడలు ఆ సాయంత్రమే.

కండక్టరమ్మ కళ్లు తుడుచుకుని, పెన్సిలూ స్కేలూ అందుకుంది. చేత్తో గీసింది. ఒక చెక్క కొలత మారిస్తే ఇంకో చెక్క కుదరలేదు. చెరిపి మళ్లీ గీసింది.

“కుర్చీ మాత్రం ఆగదు,” అంది తమ్ముడితో. “కంపెనీని కూడా వదలను.”

అన్నట్టే వదల్లేదు. డ్యూటీలో ఏ కాస్త విరామం దొరికినా ఫోన్ చేసింది. వాళ్లు పాట వినిపించారు, విన్నది. లైను కట్ చేశారు, మళ్లీ కలిపింది.

“మీ ఆయన వెంట కూడా ఇంతగా పడి ఉండవే నువ్వు!” అని డిపోలో తోటి కండక్టర్లు నవ్వారు.

“ఆయన ఒక్క ఫోనుకే ఒప్పుకున్నాడు మరి,” అని మళ్లీ నంబరు నొక్కింది.

ఎట్టకేలకు కంపెనీలో ఒకావిడ ఓపిగ్గా విన్నది. పిల్ల సంగతీ, కుర్చీ సంగతీ, డ్రాయింగు సంగతీ అంతా.

విన్నాక అంది,

“ఇదేదో ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా. ఈ లైసెన్సుతో నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎవరూ లేరన్నారు మా పైవాళ్లు. ఉంటే ఒక్కరిని, ఒక్క డ్రాయింగును చూపించమని గడువు పెట్టారు. మా పెద్దాయన ఊళ్లు పట్టుకుని తిరిగారు. చివరి రోజు ఎక్కడో ఒక కుర్చీ చూశారట. అది ఎంత బాగుందో మీటింగులో చెప్పారు గానీ, రుజువుగా చూపించడానికి చేతిలో ఏమీ లేదు. ఎవరూ నమ్మలేదు. ఆ రోజే ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు.”

కండక్టరమ్మ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

“ఆయన... మమ్మల్ని పట్టుకోవడానికి వచ్చారనుకున్నామండీ.”

“పట్టుకోవడమా? ఆ లైసెన్సు తీసేద్దామని ఏటా అందరూ పట్టుబడుతుంటే, మీ మొహాలైనా చూడకుండా మీకోసం ఒంటరిగా పోట్లాడి ఇన్నేళ్లూ నిలబెట్టింది ఆయనేనమ్మా!”