పాత స్పాంజి

"అక్కా, నీ ఫిల్టర్‌కున్న రెండు స్పాంజీల్లో ఒకటి నాకిస్తావా?" తేన్మొళి మేడ మెట్ల మీదే నిలబడి అడిగింది.

పెద్దకోడలు పూంగొడి చేపల తొట్టి మీద నుంచి తల ఎత్తలేదు. "కొత్తది మీ ఆయన తెచ్చాడుగా."

"కొత్తదాంతో ఏం లాభమక్కా? మురికి పట్టిందే కావాలి. నీళ్ళలో విషాన్ని తినే క్రిములు దాంట్లోనేగా ఉండేది. వట్టి తొట్టి దానంతటది కుదురుకోవాలంటే నెల దాటుతుంది. నీది తగిలిస్తే తొందరగా అవుతుంది."

"నాకే నేర్పుతున్నావా?"

"అయ్యో, నీ దగ్గర నేర్చుకున్నదే నీకు అప్పజెబుతున్నానక్కా."

ఆ మాట నిజమే. సేలం నుంచి ఈ ఇంటి చిన్నకోడలిగా వచ్చిన రోజున తేన్మొళికి చేపల గురించి ఓనమాలు కూడా తెలియవు. చేపల పెంపకానికి పేరుపడ్డ ఈ కొళత్తూరులో ఇంటింటా మేడమీద తొట్లే అని ఆశ్చర్యపోయింది. ఇప్పుడు అత్త వడివమ్మ నోట పొద్దస్తమానం చిన్నకోడలి పేరే. చిన్నది పెట్టిన పులుసు, చిన్నది వేసిన ముగ్గు. ఈమధ్య చిన్నది కడిగిన తొట్టి కూడా.

ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి పూంగొడికి ఉన్నది ఎర్ర డిస్కస్ చేపల జంట ఒక్కటే. సిక్లిడ్ జాతిలో అంత నాజూకు చేప లేదంటారు. పళ్ళెంలా గుండ్రంగా ఉండే ఆ రెంటినీ గోరంత పిల్లలప్పటి నుంచి ఆమే పెంచింది. అవి గుడ్లు పెట్టినప్పుడల్లా, పిల్లలు తల్లి ఒంటి మీది జిగురు తింటుంటే చూడ్డానికి వీధి వీధంతా మేడ ఎక్కేది. "పూంగొడి జంట" అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. రేపు తేన్మొళి కూడా ఒక జంటను తెచ్చి పెడితే?

"మధ్యాహ్నం తీసి ఇస్తాలే," అంది.

అందరూ భోజనాలకు కూర్చున్నాక ఒక స్పాంజి ఊడదీసింది. అప్పుడే లారీ నుంచి పట్టిన నీళ్ళు పెరట్లో డ్రమ్ము నిండా ఉన్నాయి. బ్లీచింగు వాసన గుప్పుమంటోంది. ఆ నీళ్ళు చేపలకు పోయాలంటే ముందు నిలవబెట్టి వాసన పోగొట్టాలని ఆ వీధిలో పసివాళ్ళకూ తెలుసు. పూంగొడి బకెట్‌లో ఆ నీళ్ళు తీసి, ఇంకో చెంచాడు బ్లీచింగు పొడి కలిపి, స్పాంజిని పిండకుండా ముంచి వదిలేసింది. భోంచేసి వచ్చి చూస్తే గోధుమరంగు అలాగే ఉంది. లోపల ప్రాణం మాత్రం పోయుంటుంది.

తేన్మొళి దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకోబోయి, ముక్కు దగ్గరే ఒక్క క్షణం ఆగింది. "నీ మేలు మరిచిపోనక్కా."

సాయంత్రం అమ్మవారి గుడిలో ఆడి మాసపు ప్రసాదంగా అంబలి పోస్తున్నారని పూంగొడి అత్తను తీసుకుని వెళ్ళింది. తేన్మొళి తలనొప్పిగా ఉందని ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మవారి ఎదుట నిలబడితే ఏం మొక్కుకోవాలో పూంగొడికి తోచలేదు.

మర్నాటి నుంచి తేన్మొళి వట్టి తొట్టిలో రోజూ చిటికెడు మేత వెయ్యసాగింది. క్రిములకు తిండి కావాలి మరి.

"లేని చేపలకు బువ్వ పెడుతున్నావే. ఉయ్యాల కూడా కడతావా?" పక్కింటి మేడ మీద నుంచి ఒకామె వేళాకోళం చేసింది.

"నామకరణానికి మిమ్మల్నే పిలుస్తా పిన్నీ," అంది తేన్మొళి.

పూంగొడి బట్టలు ఆరేసే నెపంతో వచ్చి ఆ తొట్టిలోకి చూసి పోయేది. నీళ్ళు తెల్లగా విరగలేదు, వాసన రాలేదు. తేన్మొళి గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే ఆకుపచ్చ రంగు రాలేదు, పసుపే వచ్చింది. విషం లేదన్నమాట. చచ్చిన స్పాంజితో ఎలా కుదురుకుంది? పోనీ అడుగుదామంటే నోరెలా వస్తుంది?

ఆ కుళ్ళులో పడి సొంత తొట్టి సంగతి ఆలస్యంగా గమనించింది. జంట ఒళ్ళు నల్లబడి మూలకు చేరింది. మేత ముట్టడం లేదు. మొదట ఎండ వేడి అనుకుంది. తర్వాత నీళ్ళు మార్చింది. తన తొట్టికి పరీక్షేమిటన్న పౌరుషం కొద్దీ చుక్కలు వెయ్యలేదు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచిన పొద్దున గొట్టం తీసింది. ఆకుపచ్చ. కటిక ఆకుపచ్చ.

"ఒక స్పాంజి తీసేస్తేనే ఇంతవుతుందా?" పూంగొడి గొట్టాన్ని మళ్ళీ వెలుతురుకు పట్టి చూసింది.

వడివమ్మ ఆయాసపడుతూ మేడెక్కింది. "చూస్తూ చంపుకుంటావా? చిన్నదాని తొట్టి ఖాళీగానే ఉందిగా. అడుగు."

పూంగొడి అడిగింది. తల వంచుకునే అడిగింది.

"నీ చేపల కంటే నా తొట్టి ఎక్కువా అక్కా?" అంటూ తేన్మొళి అప్పటికే వల పట్టుకొచ్చింది.

అక్కడ జంట తేరుకుంది. రంగు తిరిగింది. కొద్ది రోజులకు గుడ్లు కూడా పెట్టింది. వెనక్కి తెచ్చుకుంటానని పూంగొడి అంటే వడివమ్మ కసిరింది. "కదిపితే గుడ్లు తినేస్తాయి. కలిసొచ్చిన చోట ఉండనీ వాటిని."

వీధి జనం మళ్ళీ మేడ ఎక్కారు. ఈసారి తేన్మొళి తొట్టి వైపుకు. "తేన్మొళి జంట భలేగా ఉంది," అన్నారెవరో. ఎవరూ సరిదిద్దలేదు.

జనం దిగిపోయాక పూంగొడి గాజుకు చెయ్యి ఆనించి నిలబడింది. ఎంత ఆపుకున్నా నోరు ఆగలేదు.

"ఇంత బాగా ఎలా కుదిరిందే? నేనిచ్చిన స్పాంజితోనేనా?"

తేన్మొళి చిటికెడు మేత నీళ్ళలో చల్లింది.

"అది మీరు గుడికెళ్ళిన సాయంత్రమే నీ తొట్టిలో పెట్టేసి, అక్కడ మిగిలినది తెచ్చుకున్నానక్కా."