రాయి కింద

"ఏమైనా ఉందా?" గట్టు మీంచి అడిగాడు అన్నయ్య. వాగుకి రెండు వైపులా సిమెంటు గోడలు కట్టించిన ఇంజనీరు తనే.

మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఇంకో రాయి తిరగేశాను. నీళ్లలో బతికే పురుగుల్ని చూసి, వాగు ఎలా ఉందో చెప్పడం నా ఉద్యోగం.

"ఏమీ లేదు."

"హమ్మయ్య! ఇప్పటికి నా ప్రాణం కుదుటపడింది. నీళ్లు శుభ్రంగా ఉన్నట్టేగా?"

"ఇది డాక్టరు చెప్పే 'ఏమీ లేదు' కాదన్నయ్యా. పురుగు లేదు, చేప లేదు, కప్ప లేదు. వాన పడితే చాలు, ఊళ్లో రోడ్ల మీది నీళ్లన్నీ ఒక్కసారిగా ఈ గోడల మధ్యకే దూకుతాయి. ఆ ఉరవడికి ఏ ప్రాణి నిలుస్తుంది?"

"ఇళ్లలోకి వరద రాకూడదనే కదే కట్టింది?"

"రాలేదుగా."

అన్నయ్య బూట్లు విప్పి దిగాడు. ఒక రాయి తీసి అడుగు చూశాడు. కడిగిన కంచంలా ఉంది. చాలాసేపు చూసి, దాన్ని తీసిన గుంటలోనే, తీసిన వైపే, మెల్లగా దించసాగాడు. చిన్నప్పుడు నాకలా పెట్టడం నేర్పింది తనే. కింద కాపురాలుంటాయి, నలిగిపోతాయి అనేవాడు.

"విసిరెయ్ అన్నయ్యా," అన్నాను. "ఇప్పుడేం కాదు."